సిలిండర్ వ్యాసం

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరవగానే మా ఇంట్లో పిల్లలకి ఎక్కడలేని హోంవర్కూ గుర్తొస్తుంది. ఆ మాటకి ఇప్పటివరకూ కనిపించిన ప్రయోజనం అదొక్కటే. పైగా నాకు ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు, జుట్టు అక్కడక్కడే నెరిసింది, కాబట్టి పెద్దదానిలా కూర్చుని జ్ఞాపకాలు చెప్పే అర్హత అంతంతమాత్రం. అయితే సాయంత్రానికి నేను అలిసిపోయే తీరు చూస్తే మాత్రం అరవై ఏళ్లని చెప్పినా ఎవరైనా నమ్ముతారు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేం గరివిడిలో ఉండేవాళ్లం. నేను ఎనిమిదో తరగతి. మా నాన్న విజయనగరంలో ఒక బస్సుల గ్యారేజీలో హెల్పరు. తెల్లవారగానే పాసింజరు రైల్లో వెళ్లేవాడు, సాయంత్రం పాసింజరుకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తిరిగొచ్చేవాడు. ఆయన పనంతా పిట్టులో. పిట్టు అంటే బస్సు కిందికి మనిషి దిగి నిలబడటానికి తవ్వి సిమెంటు చేసిన గొయ్యి. బస్సు పైన ఆగుతుంది, మా నాన్న కింద నిలబడి రోజంతా తల పైకెత్తి దాని పొట్ట చూస్తాడు. పదిహేనేళ్లు అలా చూశాక మెడ పట్టేసింది. ఇంటికొచ్చాక ఎవరు మాట్లాడినా తల దించుకునే వినేవాడు. చుట్టాలు దాన్ని వినయం అనుకునేవారు. అది నొప్పి.

ఆ గొయ్యిలోంచి పైకి రావడానికి ఒకటే దారి ఉండేది, మెకానిక్ పరీక్ష. పాసైతే ఇంజన్లు విప్పే సెక్షన్‌లో బల్ల ముందు పని. తల వంచుకుని చేసుకోవచ్చు, కాళ్లు నొప్పెడితే స్టూలు మీద కూర్చోవచ్చు. ఆ పరీక్ష మూడుసార్లే రాయనిస్తారు. చేత్తో చేసి చూపించే పరీక్షలో రెండుసార్లూ మా నాన్నే అందరికంటే పైన. కాగితం మీద రాసే పరీక్షలో రెండుసార్లూ మా నాన్నే అందరికంటే కింద. మొదటిసారి లెక్కల దగ్గర ఆగిపోయాడు. రెండోసారి నైట్ డ్యూటీ దిగి నేరుగా వెళ్లడం వల్ల లెక్కల దగ్గర నిద్రపోయాడు. మిగిలింది మూడోసారి. అది కూడా పోతే రిటైరయ్యేదాకా పిట్టే. ఇందులో నేను కల్పించిన నాటకం ఏమీ లేదు, సర్క్యులర్‌లో అలాగే ఉంది.

ఆ లెక్కల్లో ప్రతిసారీ తప్పకుండా వచ్చేది ఒకటుంది. సిలిండర్ కొలతలు ఇచ్చి ఇంజన్ ఎన్ని సీసీలో కట్టమంటారు. సిలిండర్ అంటే ఇంజన్‌లో ఉండే నున్నటి గుండ్రటి గొట్టం, అందులో పిస్టన్ అనే దిమ్మ కిందికీ పైకీ ఆడుతుంటుంది. గొట్టం వెడల్పెంత, పిస్టన్ నడిచే దూరమెంత, అలాంటి గొట్టాలు ఎన్ని, ఈ మూడూ తెలిస్తే ఇంజన్ సైజు తెలిసిపోతుంది. వెడల్పుని గ్యారేజీలో బోరు అంటారు, పిస్టన్ నడకని స్ట్రోకు అంటారు. ఈ రెండు మాటలూ మా నాన్నకి సొంత పిల్లల పేర్లంత బాగా తెలుసు. ఎవరి పేరైనా పిలిచేముందు కాస్త తడబడేవాడు గానీ, బోరు దగ్గర ఎప్పుడూ తడబడలేదు.

మా క్లాసులో లెక్కల్లో నేనే ఫస్టు. క్లాసులో ఎంతమంది ఉన్నారో ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పరీక్షకి ట్యూషన్ పెట్టించుకుందామా అని మా నాన్న ఆలోచిస్తుంటే మా అమ్మ తేల్చేసింది. "ఇంట్లో ఇంత సదువుకున్న గుంటనెట్టుకుని ట్యూషనేటి? అదే సెప్తాది." అలా పదమూడేళ్ల వయసులో నాకు ఉద్యోగం వచ్చింది. ఆనాటి నుంచి ఈనాటి వరకూ సెలవు దొరకలేదు.

సోమవారం పరీక్ష అనగా ఆదివారం పొద్దున్న నేను మాదిరి ప్రశ్నపత్రం తయారుచేశాను. మార్జిన్ కొట్టి, పేరుకీ నంబరుకీ ఖాళీలు వదిలి, అచ్చం పాఠ్యపుస్తకంలో ఉండే భాషలో రాశాను. ఒక సిలిండర్ బొమ్మ గీసి, అడ్డంగా పది సెంటీమీటర్లు, నిలువుగా పన్నెండు అని బాణాలు పెట్టాను. మా నాన్న ఒక్కసారిగా కంగారు పడకుండా మెట్టు మెట్టుగా ఎక్కుతాడని ప్రశ్నని మూడు ముక్కలు చేశాను. అ) సిలిండర్ వ్యాసం రాయండి. ఆ) వ్యాసార్ధం రాయండి. ఇ) ఆరు సిలిండర్లున్న ఇంజన్ ఘనపరిమాణం కట్టండి. చేతిలో పెట్టి, గంట టైము, మాట్లాడకూడదు అని చెప్పాను. మా నాన్న తలూపి, వరండాలో చాప మీద కూర్చుని, అట్టకి కాగితం పెట్టుకున్నాడు.

నేను లోపలికి వెళ్లి అప్పుడప్పుడూ తొంగిచూశాను. మొదట చాలాసేపు బొమ్మ వంకే చూశాడు. తర్వాత పెన్ను కదిలింది. కదిలింది, ఇక ఆగలేదు. ఒక పేజీ అయి రెండో పేజీ తిప్పాడు. మధ్యలో ఒకసారి పైన ఆరేసిన బట్టల మీంచి మా ఊరి ఫ్యాక్టరీ పొగగొట్టాల పొడి కాగితం మీద రాలితే ఊదుకుని మళ్లీ రాశాడు. నా పాఠం ఇంత బాగా ఎక్కిందన్నమాట అని నాకు నా మీద గౌరవం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

మా నాన్న సిలిండర్ మీద వ్యాసం రాశాడు.

అంటే బడిలో మాచేత 'ఆవు', 'పరిశుభ్రత' మీద రాయించేవారే, ఆ వ్యాసం. పైన మధ్యలో సిలిండర్ అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, పేరాలు విడగొట్టి మరీ రాశాడు. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర లేదు, కానీ చాలావరకు గుర్తుంది. ఇలా ఉండేది:

"ఇంజనుకి సిలిండర్ ముఖ్యము. ఇది చూడ్డానికి గొట్టంలాగ ఉంటాది గాని గొట్టం కాదు. గొట్టంలో వెళ్లింది వెళ్లిపోతాది. ఇందులో వెళ్లింది మళ్లీ వెనక్కి రావాలి. లోపల గోడ అద్దంలాగ ఉండాలి. పైఅంచు దగ్గర గోరు పెట్టి కిందికి లాగితే ఎక్కడా తట్టకూడదు. తట్టిందంటే ఆ సిలిండర్ అలిసిపోయినట్టు. అలిసిపోయిన సిలిండర్ ఆయిల్ తాగుతాది, నీలం పొగ వదుల్తాది, గాని ఆగదు. దానికి ఆగడం తెలీదు. మనమే ఆపి చూడాలి.

పిస్టన్ కిందికి వెళ్లి ఒక్క లిప్త ఆగుతాది. పైకొచ్చి ఒక్క లిప్త ఆగుతాది. దానికి రెస్టు ఆ రెండు చోట్లే. ఆ రెండు చోట్ల మధ్యన ఎంత గాలి తోసిందో అదే దాని సైజు. ఆ పైన మూత కింద మిగిలిపోయే జాగా లెక్కలోకి రాదు. ఈ బొమ్మలో చూపిన సిలిండర్లు ఆరు అయితే, అయిదు లీటర్ల ఆయిల్ డబ్బా నిండిపోయి ఇంకా అరలీటరు పైచిలుకు ఉంటాది."

రెండో ప్రశ్నకి ఇలా రాశాడు: "సగం వ్యాసము ఎందుకు అడిగినారో తెలియలేదు. పైన రాసినదాంట్లో సగం వరకు చదువుకోగలరు."

మూడోదానికి: "పైన రాసినాను."

నేను నవ్వాను. నవ్వకుండా ఎవరైనా ఉండగలిగితే వాళ్లకి నా నమస్కారం. కడుపు పట్టుకుని, గోడకి జారగిలపడి నవ్వాను. అది చాలదన్నట్టు, ఆదివారం చేపల కూరకి మా మావ వచ్చే టైమూ అదే అయింది. మావ అంటే మా అమ్మ తమ్ముడు, అదే గ్యారేజీ బస్సులకి డ్రైవరు. ఆయన గొంతుతో హారన్ లేకుండా బస్సు నడపొచ్చు. నేను కాగితం లాక్కుని ఆయనకి మొత్తం చదివి వినిపించాను, 'సగం వరకు చదువుకోగలరు' దగ్గర గొంతు మార్చి మరీ.

"ఓరి నీ బండబడ! బావా, సిలిండరు మీద వ్యాసం రాసీసినావా? రేపు గేరుబాక్సు మీద బుర్రకత కూడా కట్టీ!" అని మా మావ మెట్ల మీద కూలబడిపోయాడు.

వంటింట్లోంచి మా అమ్మ, "సిలిండరేటి? మొన్ననే కదా మార్సినాం, అప్పుడే అయిపోయినాదేటి?" అంది. దాంతో మా మావకి ఊపిరి కూడా అందలేదు.

మా నాన్న అందరి మొహాలూ చూశాడు. "ఏటయినాదే?" అన్నాడు నాతో.

"నాన్నా, వ్యాసమంటే రాసే వ్యాసం కాదు. బోరు. అడ్డంగా ఎంతుందో అది. వ్యాసార్ధమంటే అందులో సగం."

"బోరా?" మా నాన్న బొమ్మలోని బాణం వంక చూశాడు, తన రెండు పేజీల వంక చూశాడు. "మరి బోరనే రాస్తే పోయీది కదే. బోరుకి వ్యాసమని పేరెట్టినోడు ఎప్పుడైనా ఇంజను ఇప్పినాడేటి?"

"ఆడు ఇప్పనేదు గాని నువ్వు బోరు కొట్టీసినావు బావా, రెండు పేజీలు," అన్నాడు మా మావ.

అప్పుడు మా నాన్న కూడా నవ్వాడు. అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికంటే ముందు ఆపేశాడు. అది నేను అప్పుడు గమనించలేదు. గమనించానని రాస్తే బాగుంటుంది గానీ, నాకు చేపల వాసన వస్తోంది, ఆకలేస్తోంది.

భోజనాలయ్యాక మా మావ వెళ్లిపోయాడు. నేను ఈసారి కొంచెం జాగ్రత్తగా మొదలుపెట్టాను. వ్యాసార్ధం అన్న మాట నోట్లోంచి వస్తే మళ్లీ నవ్వొస్తుందని, ఆయన మళ్లీ చిన్నబోతాడని, ఆ మాట అసలు ఎత్తకూడదనుకున్నాను. దయ తలిచానన్నమాట. లెక్కల్లో దయ ఎంత ప్రమాదమో నాకు అప్పటికి తెలియదు. "ఆ సగం గొడవ ఒగ్గీ నాన్నా, బుర్ర పాడవుద్ది. వ్యాసమంటే బోరు, అదొక్కటి గుర్తెట్టుకో. బోరు ఇంటూ బోరు, ఇంటూ స్ట్రోకు, ఇంటూ మూడు పాయింటు ఒకటి నాలుగు, ఇంటూ ఎన్ని సిలిండర్లుంటే అన్ని. అయిపోయినాది." లెక్కల్లో ఫస్టు వచ్చేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. చెప్పింది సరిచూసుకోవడం మిగతావాళ్ల పని అనుకుంటారు.

ఇద్దరం కట్టాం. పది పదులు వంద, వంద పన్నెండ్లు పన్నెండు వందలు, దాన్ని మూడు పాయింటు ఒకటి నాలుగుతో, ఆపైన ఆరుతో. ఇరవై రెండు వేల ఆరువందల ఎనిమిది సీసీ వచ్చింది.

మా నాన్న ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. "వెయ్యి సీసీలైతే లీటరు కదమ్మా," అన్నాడు. "ఇరవై రెండు లీటర్లా?"

"అంతే మరి. లెక్క అలాగే వచ్చినాది."

"బస్సుకా?"

"బస్సో రైలో నాకేటి తెలుసు? నువ్వే సూడు, ఎక్కడైనా తప్పుందేటో."

ఆయన మళ్లీ పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాడు. గుణకారంలో తప్పు లేదు. తర్వాత పొద్దున్న రాసిన కాగితం తీసి, అందులో అయిదు లీటర్ల డబ్బా నిండి అరలీటరు పైచిలుకు అన్న వాక్యం మీద పెన్నుతో నెమ్మదిగా, స్కేలు పెట్టినంత తిన్నగా ఒక గీత కొట్టాడు. "నాకు తెలీదులే. పుస్తకం సెప్పింది కదా," అన్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన బావి దగ్గర స్నానం చేస్తూ కూడా బోరు బోరు స్ట్రోకు, బోరు బోరు స్ట్రోకు అని వల్లె వేయడం వినిపించింది. మా అమ్మ, "బాగా సెప్పినావే," అంది. నేను ఆ మెప్పు తీసుకున్నాను.

సోమవారం పొద్దున్న పాసింజరు కోసం మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. పది గంటలకి పరీక్ష. నాకు మూడో పీరియడు లెక్కలు. మా లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక గుండ్రం గీసి, లోపల అడ్డంగా గీత గీసి, "వ్యాసం ఇచ్చాడు. వైశాల్యం కావాలి. ముందు ఏం చేస్తాం?" అని అడిగారు. క్లాసంతా ఒక్క గొంతుతో "సగం చేస్తాం సార్!" అని అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆ అరుపు పూర్తయ్యాక నాకు అర్థమైంది.

గుండె ఆగిపోయింది అని రాయాలి ఇక్కడ. ఆగలేదు. మామూలుగానే కొట్టుకుంది, నేను బోర్డు మీద లెక్క కూడా దించుకున్నాను. సినిమాల్లో అయితే బడి గోడ దూకి రైలు వెంట పరిగెత్తాలి. మా బడికి గోడ లేదు, రైలు వెళ్లి నాలుగు గంటలు దాటింది. మా ఇంటికి ఉన్న సెల్లు ఒక్కటి, అది మా అమ్మ దగ్గర. ఆ టైముకి మా నాన్న ప్రశ్నపత్రం తెరిచి, వ్యాసమన్న మాట చూసి, ఓహో బోరు, అనుకుని, నేను నేర్పించింది నేర్పించినట్టు రాస్తుంటాడు. ఒక మాట సరిగ్గా నేర్పాను, ఆ మాటతో చేసే పని తప్పుగా నేర్పాను. మా నాన్నకి నా మీద అంత నమ్మకం లేకపోతే బాగుండేదని మొదటిసారి అనిపించింది. మిగతా పీరియడ్లన్నీ కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాను. రుచి గుర్తులేదు, తినడం మాత్రం గుర్తుంది.

సాయంత్రం ఇంటికి పోకుండా స్టేషన్‌కి వెళ్లాను. ప్రేమ కాదు. ఇంట్లో చెబితే మా అమ్మ కూడా వింటుంది, అందుకు. సిమెంటు బెంచీ మీద కూర్చుని ఏం చెప్పాలో మూడు రకాలుగా తయారుచేసుకున్నాను. మొదటిదాంట్లో నేను ఏడుస్తాను. రెండోదాంట్లో తప్పు పుస్తకానిది. మూడోదాంట్లో ఆయనే మొదలుపెడతాడు. పాసింజరు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. మా నాన్న దిగాడు. పొద్దుటి ఇస్త్రీ ఎక్కడా మిగల్లేదు, అసలే వంగిన మెడ ఇంకా వంగింది. నన్ను చూసి, "ఏటే, ఇలాగొచ్చినావు?" అని, జవాబు కోసం ఆగకుండా వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

"ఒక డౌటు అడగాలమ్మా," అన్నాడు.

"అడుగు."

"నువ్వు సెప్పిన లెక్కే వచ్చినాది. వ్యాసం పది, స్ట్రోకు పదమూడు, సిలిండర్లు నాలుగు. వ్యాసమంటే బోరని నువ్వు సెప్పకపోతే నాను మళ్లీ కత రాసీదును. నువ్వు సెప్పినట్టే కట్టినాను. పదహారు లీటర్ల పైన వచ్చినాది."

నేను మనసులో కట్టి చూశాను, పదహారు వేల మూడువందల ఇరవై ఎనిమిది.

"అలాటి నాలుగు సిలిండర్ల ఇంజన్లు మా సిన్న బస్సులకుంటాయి. ఎన్ని ఇప్పడం సూసినానో లెక్కనేదు. అది నాలుగు లీటర్లింజను. నాలుగెక్కడ, పదహారెక్కడ? సరే, నాకే తెలీదేమోననుకున్నాను. అంతలోకి నిన్నటిది గుర్తొచ్చినాది. నిన్న నీ లెక్క ఇరవై రెండున్నర. నాను రాసి కొట్టీసింది అయిదున్నర పైసిలుకు. సూస్తే అది నాలుగో వంతు. ఇదీ నాలుగో వంతే." ఆయన ఆగి మెడ రుద్దుకున్నాడు. "అందుకని నీ లెక్కంతా రాసి, కింద నాలుగో వంతు అని రాసి, నాలుగు లీటర్లు పైసిలుకు అని ఏసీసినాను. గాని ఎందుకు నాలుగో వంతో నాకు తెలీదు. అదీ డౌటు."

అప్పుడు చెప్పాను. తయారుచేసుకున్నది కాదు, వేరేది. "నానే తప్పు సెప్పీసినాను నాన్నా. సగం ఒగ్గీమన్నాను కదా, అదే. సగం సెయ్యాల."

ఇప్పుడు కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే నాకూ సుళువుగా ఉండేది.

"తప్పెందుకవుతాదే?" అన్నాడు. "తప్పయితే ఒకపాలి ఒకలాగ, ఇంకోపాలి ఇంకోలాగ తప్పాల. రెండుపాలీ ఒకేలాగ తప్పితే అది తప్పు కాదు. సెప్పినోళ్ల దగ్గర ఒక లైను మిగిలిపోయినట్టు. నా కూతురు తప్పు సెప్పినాదని నాననుకోనేదు. ఇంకో లైనేదో ఉంటాది, సెప్పడం మర్సిపోయినాది, ఇంటికెళ్లి అడుగుదామనుకున్నాను."

ఓదార్చడానికి అన్నట్టు లేదు ఆ గొంతు. ఒక బోల్టు ఎందుకు వదులైందో చెప్పినట్టే చెప్పాడు, అదీ అలిసిపోయిన గొంతుతో. నేను బెంచీ మీది దుమ్ములో వేలితో గుండ్రం గీశాను, మధ్యలోంచి అంచు దాకా సగం గీత గీశాను. గుణించాల్సింది ఈ సగాన్ని ఈ సగంతోనని, సగంలో సగం నాలుగో వంతని చూపించాను. ఆయన వంగి చూశాడు. ఆ గుండ్రం మీద తన వేలు పెట్టి ఒకసారి మొత్తం తిప్పాడు, లోపలి గోడ తడిమినట్టు.

"ఓసోస్, ఇదేటి! ఇది ముందే సెప్పుంటే..." అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయలేదు. ఆ రోజు నాకు పడిన తిట్టు అంతే, అదీ సగమే. తర్వాత లేచి, "బేగి పద, మీ అమ్మ సూస్తాంటాది," అన్నాడు.

ఫలితాలు నెల తర్వాత వచ్చాయి. మా నాన్న పాసయ్యాడు, గట్టునపడేంత మార్కులతో. ఆ లెక్కకి ఎన్ని వేశారో మాకు తెలియదు. దిద్దినవాళ్లు నాలుగో వంతు అన్న మాట చూసి ఏమనుకున్నారో అంతకన్నా తెలియదు. పిట్టులోంచి పైకొచ్చాడు. దానికి మా ఇంట్లో పెద్ద సంబరమేం జరగలేదు. మెకానిక్ అయ్యాక పాలకొండ వైపు వేశారు, రైలు పోయి రెండు బస్సులు మారాల్సి వచ్చింది. కాబట్టి మునుపటికంటే ముందు లేచి మునుపటికంటే అలిసిపోయి వచ్చేవాడు. కానీ తల వంచుకుని పని చేసుకునేవాడు. ఇక మా మావ ఊరుకోలేదు. ఆదివారం నేను నవ్వుతూ చదివిన కాగితం సంగతి గ్యారేజీ అంతా చెప్పాడు. ఏడాదిపాటు అక్కడ అందరూ మా నాన్నని వ్యాసం బావ అనే పిలిచారు. నవ్వింది నేను, పేరు పడింది ఆయనకి. ఆయన పలికేవాడు కూడా.

వచ్చే ఏడాది ఆయన రిటైరవుతాడు. నేను ఇప్పుడు శ్రీకాకుళం దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. చెబుతున్నాను అంటే, రోజూ అదే చెబుతున్నాను, రోజూ వాళ్లు అదే మర్చిపోతున్నారు, ఈ ఒప్పందం మీద మా అందరికీ జీవితం నడుస్తోంది. పొద్దున్న నుంచి నిలబడితే సాయంత్రానికి కాళ్లు లాగుతాయి. ఇంటికొచ్చాక జవాబుపత్రాల కట్ట ఉంటుంది. ఆ టైములో ఎదుటివాళ్ల తెలివి మీద నమ్మకం ఉంచుకోవడం కష్టం. ఎర్ర పెన్ను తీసి అడ్డంగా కొట్టేయడంలో ఉన్న సుఖం, అలిసినవాళ్లకే తెలుస్తుంది.

అయినా ఆ బెంచీ మీద విన్నది చేతికి అడ్డం పడుతూనే ఉంటుంది. ఎవరైనా అడ్డంగా మాట్లాడితే, తప్పు అని అనబోయేముందు, ఏ లైను మిగిలిపోయిందో చూద్దాం అనిపిస్తుంది. చాలాసార్లు దొరుకుతుంది. ప్రతిసారీ దొరుకుతుందని చెప్పను. కొంతమంది విషయంలో లైను కాదు, పేజీలే చినిగిపోయి ఉంటాయి. అయినా వెతకడం మానలేకపోతున్నాను. ఇది గుణమో అలవాటో నాకు తెలియదు, టైము మాత్రం చాలా తింటుంది.

నిన్న ఒక అమ్మాయి పేపరు చూశాను. గోడ పన్నెండు అడుగులు, గోడకీ నిచ్చెన కాలుకీ మధ్య దూరం అయిదు, నిచ్చెన పొడవెంత అన్నది ప్రశ్న. నూట అరవై తొమ్మిది అడుగులని రాసింది. దాని మీద ఎక్కితే దిగడానికి రెండు రోజులు పట్టేట్టుంది. సున్నా వేయడానికి పెన్ను ఆనించాను. ఆనించి, పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాను. పన్నెండు పన్నెండ్లు సరిగ్గా ఉంది, అయిదు అయిదులు సరిగ్గా ఉంది, కూడిక సరిగ్గా ఉంది. తర్వాతి లెక్క చూశాను. అక్కడా అంతే, పదికి బదులు వంద. వర్గమూలం తీయడం ఒక్కటే మిగిలిపోయింది, రెండుచోట్లా అదే. సున్నా వేయలేదు. కింద ఖాళీలో పెన్సిలుతో చిన్న గీత గీసి, 'ఇక్కడ ఇంకో లైను ఉంది, రేపు వచ్చి అడుగు' అని రాసి, తర్వాతి పేపరు తీశాను. ఇంకా నూటపది ఉన్నాయి.